ఇత్తడి మీద తప్పిన అడుగులు

“మీ తమ్ముణ్ణి దాచిన ఫ్లాట్‌కి దొంగ తాళంచెవి తయారవుతోంది,” అన్నాడు చీఫ్, పిన్ని కూర్చోకముందే.

డిపార్ట్‌మెంట్ మొత్తానికీ ఆవిడ పిన్నే. జిరాక్స్ షాపు వెనకగదిలో నడిచే ఆ రహస్య ఆఫీసులో ఖాళీ కుర్చీ దొరకడమే గగనం, దొరికిన రోజున ఇలాంటి కబుర్లు. తమ్ముడు ఓ విదేశీ ముఠాకి కారు నడిపి నడిపి, చివరికి వాళ్ళ మీదే సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్నాడు. కోర్టు రేపే.

“వాళ్ళ దగ్గర చిన్న సీఎన్‌సీ మెషీన్ ఉంది, కంప్యూటర్‌లో గీసిన బొమ్మ ప్రకారం లోహాన్ని కోసేది. దాని మోటార్లకి కంప్యూటర్ కలపడం రాక మెకానిక్‌ని వెతుకుతున్నారు. ఆ మెకానిక్ నువ్వే.”

“అక్కడే పట్టుకోవచ్చుగా సార్?”

“తలుపు దగ్గర, చేతిలో తాళంచెవితో దొరకాలి. లేకపోతే కేసు నిలబడదు. తాళం మాత్రం తిరక్కూడదు.”

చెప్పడానికేం, సులువే. లోపల ఉన్నది ఆయన తమ్ముడు కాదుగా.

మధ్యాహ్నానికల్లా పిన్ని నూనె మరకల ఓవరాల్ తొడుక్కుని వాళ్ళ షెడ్డులో ఉంది. ముఠా పెద్ద మెడలో టై విప్పని మనిషి. ఊపిరి సలపనివ్వకుండా పక్కనే పచార్లు చేస్తున్నాడు. అతని వెనక, ముత్యాల కమ్మలు పెట్టుకున్న అందగత్తె. కొలతలు చూసే పని ఆవిడది. ఆ కళ్ళు పిన్ని వేళ్ళను వదలడం లేదు.

పిన్ని కంప్యూటర్ నుంచి కేబుల్ లాగి ఇంటర్‌ఫేస్ బోర్డుకు తగిలించింది. అక్కణ్ణించి ఒక్కో మోటారును నడిపించే డ్రైవర్ పెట్టెకూ రెండేసి వైర్లు: ఎన్ని అడుగులు వెయ్యాలో చెప్పేది ఒకటి, ఎటు వెయ్యాలో చెప్పేది మరొకటి. గ్రౌండ్ కలిపింది. చివర్లో ఒక డ్రైవర్ పక్కనున్న బుల్లి స్విచ్‌ను గోటితో కిందికి నొక్కింది. ఆ మోటారుకు అందే కరెంటు సగమైంది. చెక్క మీద బాగానే నడుస్తుంది. ఇత్తడి తగలగానే కాళ్ళీడుస్తుంది, అడుగులు తప్పుతుంది. తప్పినట్టు కంప్యూటర్‌కు తెలియదు. అది పని చెప్పడమే గానీ, అయిందా అని అడగదు. అచ్చం చీఫ్ లాగే.

ముందు చెక్క ముక్క మీద కోశారు. కమ్మలావిడ కాలిపర్‌తో కొలిచింది. “బొమ్మలో ఉన్నట్టే ఉంది.”

“ఇత్తడి పెట్టు,” అన్నాడు టై.

ఇత్తడి తగలగానే మోటారు గుర్రుమంది.

“ఏంటా మూలుగు?”

“ఇత్తడి కద సార్. ఏ మెషీనైనా మూలుగుతుంది.”

తెర మీద అంకెలన్నీ బుద్ధిగా ఉన్నాయి. తాళంచెవి బయటికొచ్చింది. కమ్మలావిడ కొలిచింది, మళ్ళీ కొలిచింది, మొహం పాలిపోయింది. దొరికిపోయాననుకుంది పిన్ని.

టై కారు తెమ్మని ఫోన్‌లో చెబుతూ గుమ్మం దాకా వెళ్ళాడు. కమ్మలావిడ వంగి గొణిగింది. “గొడుగు ఇంట్లో మరిచిపోయాను.”

డిపార్ట్‌మెంట్ కోడ్! పిన్ని కేబుల్ సర్దుతూనే జవాబిచ్చింది. “నా గొడుగు ఇద్దరికీ చాలుతుంది.”

“కంప్యూటర్‌లో బొమ్మ మార్చేశాను, చివరి గాడి లోతు తగ్గించి. నువ్వేం చేశావో గానీ అది మళ్ళీ అసలు లోతుకే వచ్చింది. ఈ చెవి తలుపు తీస్తుంది.”

ఇద్దర్ని పంపి, ఒకరి సంగతి ఒకరికి చెప్పని చీఫ్‌ను తిట్టుకునే వ్యవధి కూడా పిన్నికి లేదు. టై తిరిగొచ్చి చెయ్యి చాచాడు.

“అంచులు గరుగ్గా ఉన్నాయి సార్,” అంది పిన్ని. “తాళంలో ఇరుక్కుంటే నా పేరు పోతుంది. పైపైన ఇంకోసారి తిప్పుతా.”

అతను కమ్మలావిడ వంక చూశాడు.

“తిప్పితేనే మంచిది,” అందావిడ.

పిన్ని చెవిని మళ్ళీ బిగించింది. మొదలెట్టిన చోటికే వచ్చానని కంప్యూటర్ నమ్మకం. మోటారు నిజానికి పక్కకు జరిగిపోయి ఉంది. అక్కణ్ణించే అదే దారి మళ్ళీ నడిచి, గాళ్ళన్నిటినీ తలా కాస్త కొరికేసింది. తెర మీద మాత్రం, మొదలెట్టిన చోటికి చేరినట్టు, సున్నా.

“పర్ఫెక్ట్,” అన్నాడు టై, తెర చూసి.

సాయంత్రం ఫ్లాట్ మెట్ల మలుపులో పిన్ని గోడకు అంటుకుని నిలబడింది. టై తాళంచెవి దూర్చి బలంగా తిప్పాడు. టక్కుమంది. తాళం తిరిగిందనుకుంది పిన్ని. కాదు, విరిగింది ఇత్తడి. మెట్ల కింద కాచుకున్న మఫ్టీ పోలీసులు నలుగురు అతని మీద పడ్డారు.

“ఒరేయ్, ఉన్నావా?” పిన్ని తలుపు బాదింది.

“అక్కా, నువ్వా?” లోపల్నించి తమ్ముడి గొంతు. “ఎంత తిప్పినా ఈ తాళం తిరగట్లేదే.”

పిన్ని గుమ్మంలోనే కూలబడింది. ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

“అది తిరక్కుండా ఉండడానికేరా, పొద్దుటి నుంచీ నా తంటాలన్నీ.”