కట్టు వెనక కొడుకు

"నా ఆసుపత్రికి చచ్చినవాడు వచ్చిపోతున్నాడు, హుబైష్ గారూ!"

కైరోలో పేరుమోసిన కంటి వైద్యుడు జుందుబ్ పరుగున లోపలికొచ్చాడు. అపరాధ పరిశోధకుడు హుబైష్ ఆయన్ని కూర్చోబెట్టాడు. సహాయకుడు యమాన్ మంచినీళ్లిచ్చాడు.

అబూ రజీన్ అనే గుడ్డి ముసలాయనకు శుక్లాలు తీశారు. కళ్లకు కట్టు ఉంది, మర్నాడు విప్పాలి. రోజూ మసక చీకట్లో కొడుకు రజీన్ ముసుగు కప్పుకొని వచ్చి పక్కన కూర్చుంటున్నాడు. ఆ పేరు వినగానే పక్క మంచం మీది దర్జీ బిగుసుకుపోయాడు. రజీన్ నైలు నదిలో మునిగి చనిపోయి మూడేళ్లయింది. అతని జనాజా పాడెను మోసినవాళ్లలో దర్జీ ఒకడు.

"వాడు కూర్చున్న చోట నేలంతా తడి," అన్నాడు జుందుబ్. "వాడు వెళ్లాక చూస్తే ముసలాయన లేచి కూర్చుని ఉంటాడు. కదలొద్దని చెప్పానండీ!"

హుబైష్ వెంటనే యమాన్‌తో ఆసుపత్రికి వెళ్లి ముసలాయన పక్కన కూర్చున్నాడు.

"మీ అబ్బాయి బాగా చూసుకుంటాడా తాతా?"

"బంగారం బాబూ! పడవలో తెచ్చి, ఈ మంచం దాకా వాడే ఎత్తుకొచ్చాడు. కాస్త లేచి కూర్చో నాన్నా అని రోజూ బతిమాలతాడు."

వాకిట్లో పడవవాడు షుఐబ్ కబుర్లు చెబుతున్నాడు. "ముసలాయన్ని మోసుకొచ్చింది నేనేనయ్యా. దయ్యమా? నైలు మింగినోళ్లంతా పరామర్శలకి బయల్దేరితే నా పడవలో మనుషులకి చోటుంటుందా?"

హుబైష్ అతన్ని లోపలికి పిలిచాడు. షుఐబ్ వచ్చాడు గానీ, మంచం దగ్గర నోరు విప్పలేదు.

మర్నాడు పొద్దున్నే అందరూ ఆ మంచం చుట్టూ చేరారు.

"దయ్యానికి మనిషి చూపంటే భయమెందుకు?" అన్నాడు హుబైష్. "పాత పద్ధతిలో శుక్లం పొరను సూదితో కిందికి నొక్కుతారు. తల ఎత్తితే అది మళ్లీ పైకి తేలి చూపును కప్పేస్తుంది. అందుకే ఈయన్ని లేపి కూర్చోబెట్టారు. కానీ జుందుబ్ గారు బోలు సూదితో పొరను పీల్చి బయటికే తీసేశారు. ఆ సంగతి వచ్చినవాడికి తెలియదు. కొడుకే మోసుకొచ్చాడని ఈయనంటాడు, నేనే మోసుకొచ్చానని షుఐబ్ అంటాడు. వాకిట్లో అంత వాగినవాడు, ఈయన గొంతు గుర్తుపడతాడని ఇక్కడ మూగవాడైపోయాడు. ఆ తడి కూడా పడవవాడి బట్టల తడే."

"భలే కనిపెట్టారండీ!" అన్నాడు యమాన్. హుబైష్ తెలివికి వంక పెట్టలేం గానీ, ఆ మాటలు ఎవరు వింటున్నారో ఆ తెలివికి తట్టలేదు.

షుఐబ్ మంచం పక్కన కూర్చున్నాడు. "చావు కబురు చెప్పడానికే మూడేళ్ల కిందట ఈయన ఊరు ఎళ్లానయ్యా. నా అడుగుల చప్పుడు ఇని, 'వచ్చావా నాన్నా' అన్నాడు. వచ్చానన్నాను. గొంతు మారిందేంట్రా అంటే జలుబన్నాను. నాకు తండ్రి లేడు. చూపొస్తే ఈయన కూడా ఉండడని..."

జుందుబ్ కట్టు విప్పాడు.

ముసలాయన కిటికీ వైపు చూశాడు. షుఐబ్‌ను చాలాసేపు చూశాడు. తర్వాత అక్కడున్న ఒక్కొక్క మొహాన్నీ వెతికాడు.

"కనబడుతోందా?" అన్నాడు జుందుబ్.

"అన్నీ కనబడుతున్నాయి." ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఆ కట్టు మళ్లీ కట్టండి, హకీం గారూ. రజీన్‌తో ఇంకొక్కసారి మాట్లాడాలి."