మాయా మెట్లు, రింగాస్కిడీ చీటీ

“ఆ మెట్ల మీద పాదం పూర్తిగా పట్టదు కదండీ. ఎలా ఎక్కారు?”

ల్యాప్‌టాప్ మూయబోతున్న ఏలీయా ఆగాడు. ఏడాదిపాటు గ్వాటెమాలా పల్లెల్లో మంచినీళ్ళ ట్యాంకులు కట్టే సేవ చేసి, బోమాంట్‌లోని తెలుగు క్రైస్తవ సహవాసంలో ఆ రోజే ఫొటోలు చూపించాడు. అందరూ వీసా గురించీ తిండి గురించీ అడిగారు. అడవిలోంచి లేచిన, ప్రాచీన మాయా జాతివాళ్ళు కట్టిన ఆ గుడి మెట్లను గమనించింది మాత్రం దేవమణి ఒక్కతే. హాస్పిటల్లో నర్సు. ఆడవాళ్ళ వైపు చివరి కుర్చీలో కూర్చుని, మాట్లాడకుండా అన్నీ చూస్తూ ఉంటుంది.

“పక్కకి తిరిగి ఎక్కానండీ.”

“మరి దిగడం?”

“కూర్చుని దిగాను.”

“ఆ ఫొటో లేదే?”

“తీసేవాళ్ళు కూడా కూర్చునే దిగుతున్నారు.”

ఆమె నవ్వింది. ఏలీయా ల్యాప్‌టాప్ మళ్ళీ తెరిచాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం టీ దగ్గర ఒక ప్రశ్న. అంత పెద్ద రాళ్ళని చక్రాల బండి లేకుండా ఎలా మోశారు? ఆ గుళ్ళు కట్టినవాళ్ళ మనవలు ఇప్పుడు ఏ భాషలో పాటలు పాడతారు? చర్చిలో కానుక ఏం వేస్తారు?

“మొక్కజొన్న కంకులు,” అన్నాడు ఏలీయా.

“మా ఊళ్ళో గుప్పెడు బియ్యం,” అంది దేవమణి. ఇద్దరూ టీ తాగడం మర్చిపోయారు.

అతను ఇంకో ఏడాది సేవకి గ్వాటెమాలా వెళ్ళాలని కబురొచ్చింది. శుక్రవారం ఫ్లైట్. చివరి ఆదివారం ప్రార్థన మనవుల చీటీలు అతని చేతికే ఇచ్చారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. అతను ఒక్కో చీటీ తీసి, చదువుతూ అదే ఊపులో ప్రార్థిస్తున్నాడు.

“ప్రభువా, రింగాస్కిడీ ఊళ్ళో ఫార్మా కంపెనీలో పనిచేస్తున్న అబ్బాయితో మా సహోదరి దేవమణి...”

అతను ఆ పేరు మళ్ళీ చదువుకున్నాడు. మధ్యలో ఆపితే అందరూ కళ్ళు తెరుస్తారు.

“...పెళ్ళి త్వరగా జరిగించు తండ్రీ.”

“ఆమేన్!” హాలంతా మోగింది.

ఒక్క దేవమణి కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

ఆరాధన అయ్యాక కుర్చీలు సర్దుతుంటే ఆమే దగ్గరికొచ్చింది. “మీరు ప్రార్థన చేస్తే జరిగి తీరుతుందంటారు అందరూ.”

“చూసుకోకుండా మొదలుపెట్టేశానండీ. మీరు రాశారా?”

“మా పిన్ని. శనివారం అబ్బాయివాళ్ళు నన్ను చూడ్డానికి వస్తున్నారు. మీరు శుక్రవారం వెళ్తున్నారు.”

ఏలీయా చేతిలోని కుర్చీ వంక చూశాడు. “అక్కడ చర్చికి రేకుల కప్పు. వాన పడితే ప్రసంగం వినబడదు. తగ్గేదాకా అందరం ఊరికే కూర్చుంటాం. మిమ్మల్ని అలా ఏడాది ఆగమని అడగడానికి నాకు నోరు రావట్లేదు.”

“అడిగేశారుగా,” అంది దేవమణి.

ఆమె నేరుగా పిన్ని పుష్పవతి దగ్గరికి నడిచింది. “పిన్నీ, శనివారం వాళ్ళని రావద్దని చెప్పండి.”

ఫ్లాస్కు మూత బిగిస్తున్న పుష్పవతి గతుక్కుమంది. “అదేంటే? ఇందాకే కదా ప్రార్థన చేయించాను!”

“చేసినాయన్నే అడగండి.”

పుష్పవతి తలెత్తింది. ఏలీయా నాలుగు కుర్చీలు పట్టుకుని, ఎటు వెళ్ళాలో తెలియక నిలబడ్డాడు. ఆమె అతన్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. దేవమణి ముఖం ఇంకోసారి చూసింది.

“కుర్చీలు దించు బాబూ,” అంది, ఫోన్ తీస్తూ. “ముందు మీ అమ్మగారి నంబరు చెప్పు.”