నల్లకళ్ళద్దాల గైడ్

"మీ తమ్ముణ్ణి శత్రువులకి పట్టిచ్చింది ఈవిడే" అన్నాడు చీఫ్, ఫోటో టేబుల్ మీద పెడుతూ. "అయినా ఈవిడ మీద ఈగ వాలకూడదు."

ఏజెంట్ డేగ ఫోటో వైపు చూడలేదు. చూస్తే చింపేస్తానని అతనికి తెలుసు. తమ్ముడిదీ ఇదే డిపార్ట్‌మెంట్. రైల్వే ప్లాట్‌ఫారం మీద ఆమె కోసం ఎదురుచూస్తూ, ఆమెకి బదులు బుల్లెట్ వచ్చి తగిలితే కూలిపోయాడు.

"ఇప్పుడు మనవైపు తిరిగింది. డబుల్ ఏజెంట్. కాథలిక్ యూనివర్సిటీలో టూర్ గైడ్‌గా ఉంది. అక్కడ లెక్కలు చెప్పే ముసలి ఫాదర్ శత్రువుల కోడ్‌లు మనకి విప్పిపెడుతున్నాడు. ఇవాళ చేరబోయే పిల్లలకీ తల్లిదండ్రులకీ క్యాంపస్ చూపిస్తారు. ఆ గుంపులో హంతకుడు వస్తాడు. తానెవరో ఆమెకి తెలియడానికి ప్రార్థన గంట గురించి అడగడం వాళ్ళ కోడ్. ఆమె నల్లకళ్ళద్దాలు తీసి ఎవర్ని చూస్తే వాడే మనకి కావలసినవాడు."

"పెద్దాయన్ని ఎరగా పెడుతున్నారా?"

"ఆయనే ఒప్పుకున్నాడు. ఇవాళ టూర్ ఆపితే రేపు ఎక్కడ కొడతారో తెలీదు."

"ఈవిణ్ణి నమ్మొచ్చా?"

"నమ్మితే నిన్నెందుకు పంపుతాను?"

డేగ తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయాడు.

క్యాంపస్ గేటు దగ్గరికి వచ్చేసరికి అతనికి నెరిసిన మీసం, చిన్న బొజ్జ వచ్చాయి. చేతికర్రలో ఒకే ఒక్క తూటా. చెవిటి మెషీన్‌లో చీఫ్ గొంతు.

"అమ్మాయికి జ్వరమండీ. నేనే చూసి చెబుదామని వచ్చా" అన్నాడు గైడ్‌తో.

"పర్లేదంకుల్, రండి రండి" అంటూ ఆమె నవ్వింది.

తమ్ముడి ముందూ ఇదే నవ్వు నవ్వి ఉంటుంది. డేగ పళ్ళు పటపటా కొరికాడు.

హైహీల్స్ మీద వెనక్కి నడుస్తూ, గుంపు వైపు తిరిగి ఆమె గడగడా చెప్పుకుపోతోంది. "ఇది లైబ్రరీ. అది సైన్స్ బ్లాక్. ఆ వరండా చివర ఆడపిల్లల హాస్టల్, సిస్టర్లే చూసుకుంటారు." తల్లిదండ్రులు మెడలు సాచి చూస్తున్నారు.

చాపెల్ మెట్ల దగ్గర, పెద్ద హ్యాండ్‌బ్యాగ్ పట్టుకున్న ఒక లావుపాటావిడ అడిగింది. "ప్రార్థన గంట ఇంకా చేత్తోనే కొడతారా అమ్మా?"

"లేదండీ, ఇప్పుడు కరెంటు గంట."

గైడ్ కళ్ళద్దాలు తియ్యలేదు.

"సిగ్నల్ ఇచ్చిందా?" చెవిలో చీఫ్.

"లేదు. మళ్ళీ అమ్మేసింది మనల్ని" అన్నాడు డేగ మీసం చాటున. రక్తం సలసల కాగిపోతోంది. ఉన్న ఒక్క తూటా ఆ నల్లకళ్ళద్దాల మధ్య దించాలనిపించింది.

చాపెల్ లోపల రంగుటద్దాల వెలుగులో ముసలి ఫాదర్ నిలబడి ఉన్నాడు. "రండి బాబూ, భయపడకండి. నా పరీక్షలు మాత్రమే కష్టం" అంటే పిల్లలు నవ్వారు.

లావుపాటావిడ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళింది. డేగ కర్ర ఆమె వైపు లేచింది.

సరిగ్గా అప్పుడు గైడ్ కళ్ళద్దాలు తీసింది. ఆమె చూస్తున్నది లావుపాటావిణ్ణి కాదు. పక్క వరసలో కెమెరా ఎత్తిన మనిషిని.

ఈమె మాట నమ్మినందుకే తమ్ముడు చచ్చాడు. అయినా డేగ తల తిప్పాడు. కెమెరా ఫాదర్ గుండెకి గురిపెట్టి ఉంది. లెన్స్ మీద మూత ఇంకా అలాగే ఉంది. వేలు బటన్ మీద బిగుస్తోంది.

డేగ బూతు తిట్టి వాడి మీదికి ఎగిరి దూకాడు. లెన్స్ కింది రంధ్రంలోంచి విషపు సూది రివ్వున దూసుకెళ్ళి, ఫాదర్ భుజం పక్కనే బెంచీలో దిగబడింది. హంతకుడు కిందపడ్డాడు. డేగ వాణ్ణి కొట్టాడు. స్పృహ తప్పాక కూడా కొడుతూనే ఉంటే ఫాదర్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "చాలు నాయనా."

పారిపోబోయిన లావుపాటావిణ్ణి గుమ్మం దగ్గరే కాపలావాళ్ళు ఒడిసిపట్టారు. బ్యాగ్‌లో జేబురుమాలు తప్ప ఏమీ లేదు.

"నా మీద వాళ్ళకి అనుమానం. అందుకే నన్ను పరీక్షించడానికి ఉత్త మనిషి చేత కోడ్ అడిగించారు. అది పసిగట్టే కళ్ళద్దాలు తియ్యలేదు" అంది గైడ్ మెల్లగా. "అసలు వాడెవడో మూత తియ్యని కెమెరా చూసేదాకా నాకూ తెలీదు. మీరెవరో చీఫ్ చెప్పాడు. మీ తమ్ముడి విషయంలో... క్షమించమని అడగను."

"అడిగినా క్షమించను" అన్నాడు డేగ, నెత్తురంటిన మీసం పీకి పారేస్తూ.

ఆమె కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

వెనక ఒక తండ్రి భార్య చెవిలో గుసగుసలాడాడు. "లోపల ఫోటో తియ్యబోయినందుకే ఇంత చావగొట్టారు. డిసిప్లిన్ అంటే ఇదే. మనవాణ్ణి ఇక్కడే చేర్పిద్దాం."