వీపు మీద నీలి గుర్తు

"నీ గొర్రెలు పోయాయి తల్లీ... మిగిలిన తొమ్మిదీ మావి!"

దొడ్డి గుమ్మంలో నిలబడి ఆయన ఆ మాట అనేసరికి, గిన్నెలు తోముతున్న ఇల్లాలి చేయి అలాగే ఆగిపోయింది. రోగం వచ్చి పది రోజుల్లో మందలో ఇరవై ఒకటి పోయాయి. ఆ ఏడుపే ఇంకా ఆరలేదు, ఇప్పుడీ మాటా!

ఎదురుగా నిలబడ్డ పంతొమ్మిదేళ్ళ పిల్ల ఆయన అన్నగారి కూతురు. తల్లి ముందే పోయింది. తండ్రి పోతూ పోతూ ఈ పిల్లనీ, పన్నెండు గొర్రెల్నీ తమ్ముడి చేతుల్లో పెట్టాడు. "దాని గొర్రెలు దానివేరా... పెద్దయ్యాక దాని దారి అది చూసుకోవడానికి" అన్నాడు. ఇన్నాళ్ళకి ఆ దారి కనబడింది. నర్సు చదువుకి సీటొచ్చింది! శుక్రవారంలోగా ఫీజు కట్టాలి. గొర్రెలు కొనే బేరగాడు రేపు పొద్దున్నే వస్తానన్నాడు.

పిల్ల ఏడవలేదు. దానికే ఇల్లాలికి భయం వేసింది.

"ఏవి నావో ఏవి మీవో ఎలా తెలిసింది బాబాయ్? గుర్తుల్లేవుగా?"

"పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మంద వెంటే తిరుగుతున్నా. ముఖం చూస్తే తెలీదూ?"

"అయితే పోయినవాటిలో ఒక్కటైనా మీది లేదా? రోగం కూడా నా గొర్రెల్నే వెతుక్కుంటూ వచ్చిందా?"

ఆయన తల తిప్పుకున్నాడు. అబద్ధం అలవాటు లేనివాడు అబద్ధమాడితే నోటికంటే ముందు మెడ చెప్పేస్తుంది.

"పోనీ నువ్వు చెప్పు పిన్నీ" అంది పిల్ల.

పిన్నీ! పదేళ్ళుగా అమ్మా అన్న నోరు! ఇల్లాలు తోముతున్న గిన్నె వదిలేసింది. తప్పు ఆయనది కాదు... తనది! ఈ పిల్ల ఇంటికొచ్చిన మొదటి వానాకాలం అది. దాని గొర్రెల వీపు మీద అన్నగారు వేసిన నీలిరంగు వెలిసిపోతుంటే, మళ్ళీ వెయ్యడానికి ఆయన డబ్బా తెచ్చాడు. తనే లాక్కుని మురిక్కాలవలో పారబోసింది. "ఒక్క కంచంలో తినే పిల్లకి వేరే గుర్తేమిటయ్యా! నా కడుపున పుట్టకపోతే మాత్రం పరాయిదా?" అంది. వీధిలో ఆడవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఎంత తియ్యగా ఉందో! ఆ తర్వాత ఈనిన పిల్లలు, అమ్మినవి, కొన్నవి... అన్నీ ఒకటే మంద అయిపోయాయి. పాలల్లో పోసిన నీళ్ళని మళ్ళీ చెంబులోకి తీసేదెవరు?

పిల్ల పెరట్లోకి వెళ్ళిపోయాక ఆయన గొంతు తగ్గించాడు. "అవి తొమ్మిదీ ఇచ్చేస్తే మనమేం తినాలే? ఆరోజు రంగు వేస్తానంది నేను. వద్దంది నువ్వు!"

"అవునయ్యా, నేనే! అందుకే ఆ నష్టం మనమే మోయాలి. కలిపింది మనం. కలిపినవాళ్ళకే పోయినవి పోయాయి. మిగిలినవి దానివి!"

"సగం ఇద్దామే..."

"మీ అన్న ఇచ్చినవి పన్నెండు. ఉన్నవి తొమ్మిది. సగం ఎక్కడుందయ్యా అందులో?"

ఇల్లాలు బట్టలకి పెట్టే నీలిమందు తెచ్చి గిన్నెలో చిక్కగా కలిపింది. దొడ్డిలోకి దిగి మొదటి గొర్రె మీద చెయ్యి వేసింది. అది విదిలించుకుని పారిపోయింది. రెండోదీ అంతే! గిన్నె పట్టుకుని గొర్రెల వెంట పరిగెత్తి పరిగెత్తి, చివరికి పెంటికల మధ్య కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

"లే! గొర్రెని పట్టడం కూడా రాదు నీకు. పెద్ద ధర్మం చెప్పొచ్చింది!"

ఎప్పుడొచ్చాడో... ఆయన ఒక గొర్రెని మెడ పట్టి మోకాళ్ళ మధ్య బిగించి నిలబడ్డాడు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. "వెయ్యి. గట్టిగా వెయ్యి, రేపు వానొచ్చినా పోకుండా."

ఒక్కొక్కటీ ఆయన పట్టాడు, ఆవిడ వేసింది. తొమ్మిదోది అయ్యాక ఆయన గొణిగాడు. "ఇంకా మూడు బాకీ."

పెరటి గోడ పక్కన పిల్ల నోట్లో పైట కుక్కుకుని నిలబడి ఉంది.

పొద్దున్నే బేరగాడు బండితో వచ్చాడు. ఎనిమిది ఎక్కాక పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది. మిగిలింది కుంటి గొర్రె. దాని తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది ఈ పిల్లే.

"ఎనిమిదితో మొదటి ఏడాది గడుస్తుంది. ఇది నీ దగ్గరుంచుతున్నా. నాదే... ఇవ్వడం లేదు, దాచమంటున్నా. రంగు పోనివ్వకు పిన్నీ."

ఇల్లాలు ఆశగా దాని పెదవుల వైపే చూసింది. ఆ పాత పిలుపు రాలేదు. కానీ పిల్ల వంగి, నీలిమందు అంటిన ఆవిడ అరచేతిని ఒక్క క్షణం తన చెంపకి ఆనించుకుంది. బండి కదిలింది.

వాన కురిసిన ప్రతిసారీ ఆవిడ గిన్నె పట్టుకుని దొడ్డిలోకి వెళ్తుంది. కూలికి పరాయి మందలు కాస్తున్న ఆయన, ఎంత అలిసి వచ్చినా వంగి మెడ పట్టుకుంటాడు. ఉన్నది ఒక్కటే గొర్రె. గుర్తు లేకపోయినా ఎవరిదో తెలుస్తుంది. అయినా వేస్తుంది.