ఫ్రిజ్ తలుపు మీది అత్తగారు

పొద్దున్నే ఆ ఇంట్లో అందరికంటే ముందు నోరు విప్పేది ఫ్రిజ్. దాని తలుపుకి అతికించిన పాత ట్యాబ్లెట్ టింగుమంటుంది. వెంటనే కోడలు తలలో దువ్వెనతోనే పరుగెత్తుకొస్తుంది. కొడుకు ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని వస్తాడు.

కోడలు ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టులు నడుపుతుంది. ఎవరు ఏ పని చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అని చూపించే అప్లికేషన్ ఒకటి వాళ్ళ ఆఫీసులో ఉంది. దాన్నే ఇంటికీ తెచ్చి ఫ్రిజ్ మీదా, తన ఫోనులోనూ, మొగుడి ఫోనులోనూ పెట్టింది. చేయాల్సినవి, జరుగుతున్నవి, పూర్తయినవి అని మూడు వరసలు. ఒక్కో పనికి ఒక్కో చీటీ. చీటీ పక్కన ఆ పని ఎవరిదో వాళ్ళ ఫొటో.

"కుళాయి సంగతి ఇవాళైనా చూస్తావా?" అంది కోడలు.

"లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. కుళాయి నా శాఖ కాదు," అన్నాడు కొడుకు.

"పోనీ లిఫ్టులో పెట్టుకుని బాగుచెయ్యి."

ఇద్దరూ నవ్వుకుంటూనే వెళ్ళిపోయారు. అత్తగారు కిటికీ పక్కన కూర్చుని దర్జీ పంపిన చొక్కాలకి కాజాలు కుడుతోంది. ఈమధ్య దారం ఒకటి రెండుగా కనిపిస్తోంది. ఆ మాట ఇంట్లో చెప్పి చాలా రోజులైంది.

బడికి సెలవు కావడంతో మనవరాలు గువ్వ వచ్చి నానమ్మ పక్కన చేరింది. ఫోను ముందేసుకుని పాఠం మొదలుపెట్టింది.

"ఇది దారి చెప్పేది నానమ్మా. నాన్న కొత్త బిల్డింగులకి దీన్ని చూసుకునే వెళ్తాడు."

"మరి కూరల కొట్టుకెళ్ళి గంటకి గానీ తిరిగి రాడే. అప్పుడు చెప్పదా?"

"అది దారి తప్పడం కాదు, ఫ్రెండు కనబడటం. ఇదిగో, ఇది బొమ్మలు గీసుకోడానికి. ఇది రాసుకోడానికి. ఈ గళ్ళగళ్ళది లెక్కలకి. ఇది కబుర్లకి."

"కబుర్లకీ ఒకటా! నోరెందుకు మరి?"

"దూరంగా ఉన్నవాళ్ళతో మాట్లాడటానికి."

"ఓహో. వంటింట్లోంచి హాల్లో ఉన్న మీ నాన్నకి మీ అమ్మ పంపేది దీంట్లోనేనా? పాపం, ఎంత దూరమో!"

గువ్వ పడీ పడీ నవ్వింది. అత్తగారికి సంగతి బాగానే అర్థమైంది. తన సూదుల డబ్బా లాంటిదే ఇదీను. కాజాకి ఒక సూది, బొత్తానికి ఒకటి, దుప్పటికి ఇంకొకటి.

గువ్వ స్నానానికి వెళ్ళింది. అత్తగారు మంచినీళ్ళ కోసం లేచి ఫ్రిజ్ ముందు ఆగింది. వీధి చివర గ్రంథాలయంలో సాయంత్రం క్లాసులకి వెళ్ళి ఈ ఏడే ఆమె అక్షరాలు నేర్చుకుంది. ఇంట్లో వాళ్ళు దాన్ని ఆవిడ కాలక్షేపం అనుకున్నారు గానీ, నిజంగా చదివేస్తుందని ఎవరికీ తట్టలేదు.

ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. "కుళాయి కారుతోంది." తరవాత, "ఫ్యాన్ రెక్కలు తుడవాలి." ఆ రెండింటి మధ్య ఎర్రగా ఇంకో చీటీ. "అమ్మ కళ్ళు. డాక్టరు. గడువు దాటింది."

ఒత్తు దగ్గర ఆగి మళ్ళీ చదివింది. కింద సన్న అక్షరాల్లో ఆ చీటీ కొడుకు నుంచి కోడలికి, కోడలి నుంచి కొడుక్కి ఎన్నిసార్లు చేతులు మారిందో కూడా ఉంది. ఆమె దాని మీద వేలుంచింది. చీటీ వేలితోపాటు కదిలింది. ఆమె దాన్ని మెల్లగా లాక్కెళ్ళి 'పూర్తయినవి' వరసలో వదిలేసింది.

తెర నిండా రంగు కాగితాలు రాలాయి. "శభాష్!" అని పడింది.

సాయంత్రం కొడుకు ఇంట్లోకి వస్తూనే భార్య భుజం తట్టాడు. "ఎంత మంచిదానివి! అమ్మని తీసుకెళ్ళావుగా."

"నేనా? నువ్వు తీసుకెళ్ళావనే కదా మీటింగులో కూర్చుని మురిసిపోయాను!"

ఇద్దరూ ఫ్రిజ్ వైపు చూసి, అట్నుంచి కిటికీ వైపు తిరిగారు.

"నేనే పెట్టాను," అంది అత్తగారు, కుట్టు ఆపకుండా. "కుళాయికీ ఫ్యానుకీ మధ్య ఎందుకులే అని నన్ను నేనే పూర్తి చేసేసుకున్నాను. రేపు మా చెల్లెలింటికి పోతాను. దానికి ఫ్రిజ్ ఉంది గానీ, దాని మీద ఏమీ లేదు."

"అమ్మా, మర్చిపోకూడదనే కదా అందులో పెట్టుకున్నాం!"

"మర్చిపోకుండా పెట్టుకున్నారు. పెట్టుకున్నాం కదా అని మర్చిపోయారు."

కోడలు ముందుకొచ్చి ఆవిడ దగ్గర నేల మీద కూర్చుంది. "అత్తయ్యా, నాకు అన్నీ అందులో పెడితేనే గుర్తుంటాయి. అందులో ఉంటే పని సగం అయిపోయినట్టే అనిపిస్తుంది. తప్పు నాదే. కానీ... మీరు అదంతా చదివారా?"

"చదివాను. 'గడువు' తేలిగ్గానే వచ్చింది. 'కళ్ళు' దగ్గర ఆగాను."

కోడలి కళ్ళు నిండాయి. ఆవిడ క్లాసుకి వెళ్ళేటప్పుడు రోజూ తలుపు తీసింది తనే. ఏం నేర్చుకున్నారని ఒక్కనాడూ అడగలేదు.

ఇంతలో గువ్వ ట్యాబ్లెట్ ఊడబీక్కుని వచ్చింది. "అమ్మా, ఇందులో నీ ఫొటో ఉంది, నాన్నది ఉంది, నాది ఉంది. నానమ్మది లేదు. ఫొటో ఉన్నవాళ్ళేమో పని చేసేవాళ్ళు. నానమ్మ ఒక్కతే పని!"

కోడలు కొంగుతో ముఖం తుడుచుకుని ఫోను తీసింది. "అత్తయ్యా, ఇటు చూడండి."

"ఉండవే, జుట్టు సరిచేసుకోనీ. అందరూ చూసే బోర్డాయె."

ఫొటో ఎక్కింది. అత్తగారు ట్యాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుని, అక్షరాలు వెతుక్కుంటూ, ఎవరినీ సాయం పట్టనివ్వకుండా కొత్త చీటీ తయారుచేసింది. "నా కళ్ళు. ఎవరు: నేను. తోడు: కోడలు. రేపు పొద్దున." ఆ కింద ఇంకొకటి. "కుళాయి. ఎవరు: కొడుకు. ఇప్పుడే."

"అమ్మా, ఇప్పుడేనా? ఇప్పుడే కదా వచ్చాను!"

"గడువు దాటితే ఎర్రగా అవుతుందటరా."

కొడుకు పానా పట్టుకుని పరుగెత్తాడు. కోడలు నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, ఆఫీసు సెలవుల యాప్ తెరిచి రేపటికి సెలవు పెట్టేసింది.

మర్నాడు కళ్ళ డాక్టరు అత్తగారిని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడ వయసు చూసి, గోడమీది తెర మార్చబోతూ కోడలి వైపు తిరిగాడు. "పెద్దావిడకి బొమ్మల చార్టు పెట్టమంటారా?"

"అక్షరాలే పెట్టండి," అంది కోడలు. గది అవతలివాళ్ళకి కూడా వినిపించేంత గట్టిగా అంది. "మా అత్తయ్య చదువుతారు."

అత్తగారు కుర్చీలో నిటారుగా సర్దుకుంది. పై వరస గడగడా చదివేసింది. రెండో వరస కాస్త నెమ్మదిగా చదివింది. మూడోది మసకగా ఉందని ఒప్పుకుంది. డాక్టరు కళ్ళముందు అద్దాలు ఒక్కొక్కటీ మారుస్తూ వచ్చాడు. ఒక అద్దం దగ్గర ఆవిడ "ఆఁ!" అంది. చిట్టచివరి వరస, చీమలంత అక్షరాలు, ఒక్కటీ వదలకుండా గొంతెత్తి చదివింది.

కోడలు చప్పట్లు కొట్టింది. బయట కూర్చున్నవాళ్ళు ఏమైందో అని తొంగిచూశారు.