శుకుడి పెళ్ళి మీద సందేహం

"సందేహాలుంటే అడగండి" అని కాంతారావు మాస్టారు అన్నారంటే హారతి వెలిగించే వేళయిందని అర్థం. గుడివాడలో ఆయన ఇంటి వరండాలో ఏకాదశి ఏకాదశికీ జరిగే పురాణంలో ఇరవై ఏళ్ళుగా అదే పద్ధతి. ఆ మాటను నిజంగా నమ్మి లేచి నిలబడ్డ మొదటి మనిషి అనుదీప్.

పోయిన ఏకాదశికి వానలో తడవలేక ఆ వరండా ఎక్కాడు. ఈ ఏకాదశికి వాన లేకపోయినా వచ్చాడు. కారణం మాస్టారి కూతురు నవ్యశ్రీ.

"మాస్టారూ, పోయినసారి శుకమహర్షి పెళ్ళే చేసుకోలేదన్నారు. ఇవాళ ఇంకో పురాణంలో ఆయనకి భార్యా పిల్లలూ ఉన్నారన్నారు. రెండూ దేవుడి మాటేనంటే ఎలాగండీ?"

మాస్టారు పుస్తకం మూసేశారు. నవ్యశ్రీ చేతిలో అగ్గిపుల్ల వేలు కాలేదాకా వెలిగింది.

గేటు దగ్గర అతన్ని ఆపేసింది. బందరు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే అమ్మాయి, వదిలిపెట్టే రకం కాదు.

"మీరేం చేస్తుంటారండీ?"

"రొయ్యల చెరువుల నీళ్ళు టెస్ట్ చేస్తానండీ. మాది నాగాయలంక, ల్యాబ్ ఇక్కడే."

"ఒకే చెరువులో రెండు మూలల్లో శాంపిల్ తీస్తే రీడింగ్ ఒకటే వస్తుందా?"

"రాదండీ."

"అయితే అసలు చెరువే లేదంటారా?"

"చెరువు ఉందండీ. రిపోర్టు చెరువే రాసిందని మాత్రం అనను. రాసింది నేను, తప్పులుంటే నావి."

ఆమెకు కోపం రావాలి. నవ్వొచ్చింది.

ఆ వాదం ఆరు ఏకాదశులు సాగింది. ఏడోదానికి అది వాదం కాదని ఇద్దరికీ తెలిసిపోయింది.

"నాన్నగారు ఒక్కటే అడుగుతారు. పురాణం దేవుడి మాటని నమ్ముతావా అని," అంది నవ్యశ్రీ. "అవునని ఒక్క ముక్క చెప్పేయండి. మన పెళ్ళయిపోతుంది."

మర్నాడు అనుదీప్ వచ్చి పెళ్ళి మాట ఎత్తగానే మాస్టారు అదే అడిగారు. తలుపు పక్క నుంచి నవ్యశ్రీ చెప్పేయమని తలూపింది. ఆ అమ్మాయి దక్కకపోతే ఏమైపోతాడో అనుదీప్‌కి బాగా తెలుసు.

"నమ్మనండీ," అన్నాడు. "అక్షరం అక్షరం దేవుడే చెప్పి ఉంటే ఒకే మనిషి ఒకచోట బ్రహ్మచారి, ఇంకోచోట సంసారి ఎలా అవుతాడు? మనుషులే రాశారనుకుంటాను. కానీ మీరు చదువుతుంటే వినకుండా ఉండలేను. అదీ నిజమే."

మాస్టారు కండువా సర్దుకున్నారు.

"ఆ తేడా నాకు తెలియదనుకున్నావా, అబ్బాయ్? వినేవాణ్ణి బట్టి దేవుడు చెప్తాడని నా నమ్మకం. సంసారం వదిలేవాడికొకటి, చేసేవాడికొకటి. అది నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. పిల్లనడగడానికొచ్చి నా మొహం మీదే కాదన్నావు. రేపు నా కూతురి దగ్గర అబద్ధమాడవు. మీ నాన్నగారి ఫోన్ నంబరివ్వు."

సాగనంపడానికి నవ్యశ్రీ వీధిలోకి వచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"మీరు అవునని చెప్పి ఉంటే నాన్నగారు వెంటనే ఒప్పుకునేవారు. నేనే వెనకాడేదాన్ని."

"చెప్పమన్నది మీరేగా?"

"చెప్పమన్నాను. చెప్పకూడదని దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను."

"రెండిట్లో ఏది నిజమండీ?"

"రెండూ," అంది.

అనుదీప్‌ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.