గెడ లేని దోనె

"మా మామ్మ చేతిలో గెడ ఏదండీ?"

శ్రీకర్ కంప్యూటర్ మీంచి తలెత్తాడు. గుమ్మంలో ఒకమ్మాయి. గొడుగులోంచి నీళ్ళు కారుతున్నాయి. చూపుల్లోంచి నిప్పులు.

"కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదండి. నా పేరు మానస. రేపు ఏలూరు కొత్త బస్టాండు దగ్గర ఆవిష్కరించే హోర్డింగు చేసింది మీరేనా?"

ఫోన్ అతని ముందు పెట్టింది. జిల్లాకు కొత్త బ్రాండ్ తెచ్చే ప్రచారంలో మొదటి పోస్టర్. కొల్లేరు, గూడబాతులు, దోనెలో నిలబడ్డ ముసలావిడ. దాని మీద పెద్ద అక్షరాలు: 'అలసట ఎరుగని అందం'.

"ఆవిడ వెంకటనరసమ్మ. పదేళ్ళు ఆ దోనెలోనే నన్ను బడి దగ్గర దింపింది. ఫొటోకి ఒప్పించింది నేను. రేపు మా ఊరంతా చూడ్డానికొస్తోంది. వెదురు గెడతో తొయ్యకుండా దోనె ఎలా నడుస్తుందండీ? రెండు చేతులూ గాల్లో పెట్టి, బస్సు ఆపుతోందా ఆవిడ?"

శ్రీకర్‌కి నవ్వొచ్చింది. ఆపుకోవడం ఆలస్యమైంది.

"నవ్వండి. రేపు అందరూ నవ్వుతారు."

"అక్షరాలకి అడ్డొచ్చిందండి. మా బాస్ నిత్యానందంగారు చెరిపెయ్యమన్నారు."

"మీదే ఊరు?"

"తాడేపల్లిగూడెం."

"హైదరాబాద్ అయ్యుంటే క్షమించేదాన్ని."

వానలోకి వెళ్ళిపోయింది. గొడుగు తెరవడం కూడా మర్చిపోయేంత కోపం.

శ్రీకర్ నేరుగా బాస్ గదిలోకి వెళ్ళి, గెడ మళ్ళీ పెడదామన్నాడు.

"ఫ్లెక్స్ ప్రింటయిపోయింది," అన్నాడు నిత్యానందం. "గెడ గురించి అడిగేవాళ్ళ కోసం కాదయ్యా బ్రాండ్. టూరిస్టుల కోసం."

ఆ మాటతో కోపం శ్రీకర్‌కి అంటుకుంది.

మర్నాడు పదకొండింటికి హోర్డింగు మీంచి తెర జారింది. జనం తలలెత్తి చూశారు.

ఫొటోలో వెంకటనరసమ్మ చేతుల్లో గెడ ఉంది. బొమ్మ కాదు. నిజం వెదురు. తాళ్ళతో ఫ్లెక్స్‌కి బిగించి, 'అలసట ఎరుగని' అన్న మాటల్ని నిలువునా చీలుస్తూ.

"ఎవడి పని ఇది?" అరిచాడు నిత్యానందం.

"నాదేనండి."

"రేపట్నుంచి రాకు."

"ఇవాళే మానేశానండి."

జనంలో మానస పక్కన నిలబడ్డ వెంకటనరసమ్మ కళ్ళు చికిలించి చూసింది. "ఎవరే కట్టింది?"

"ఆ అబ్బాయే, మామ్మా."

"తిరగేసి కట్టాడు. మొదలు పైకుంది."

మానస అతని అరచేతులు చూసింది. తాడు ఒరిసి ఎర్రగా కమిలిపోయాయి. అయినా కోపం పోలేదు. గొంతు మాత్రం కాస్త తగ్గింది.

"ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఇప్పుడేం చేస్తారు?"

"మీ కోపం తగ్గేదాకా మీ ఎదురుగా ఉందామనుకుంటున్నానండి."

"అది ఇప్పట్లో తగ్గదు."

"అందుకేనండి."

మానస మొహం పక్కకి తిప్పుకుంది. పెదవి చివర వచ్చిన నవ్వు మామ్మకి దొరికిపోయింది.

"ఆదివారం రావయ్యా," అంది వెంకటనరసమ్మ. "ఏ కొస నీళ్ళలో దిగాలో ఇది నేర్పుతుంది."

"ఏడింటికల్లా రేవులో ఉండండి," అంది మానస, ఇంకా కోపంగానే. "ఆలస్యమైతే ఆగను."

శ్రీకర్ ఆరింటికే వెళ్ళాడు. ఆమె అప్పటికే దోనెలో ఉంది, చేతిలో రెండు గెడలతో.